తలుపులు మూసిన ప్రేమ

"మీ వాడేం తింటాడు?" అని డాక్టరుగారు అడుగుతారనుకున్నాను. పిల్లవాడికి జబ్బు చేస్తే మనం మొట్టమొదట నేరం మోపేది తిండిమీదే గదా! ఐసుక్రీములనీ, అరటిపండనీ, రాత్రిపూట పెరుగన్నమనీ ముద్దాయిల జాబితా ఒకటి మా ఆవిడ ముందే సిద్ధం చేసుకుని వచ్చింది. కాని ఆయన మనవడి వీపుమీదనుంచి గొట్టం తీసి బల్లమీద పెట్టి, "వీడు రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటాడండీ?" అని అడిగారు.

ఇది 2024 మే నెల మాట. విజయవాడ ఎండల సంగతి వేరే చెప్పనక్కరలేదు. మా మనవడికి ఏడేళ్ళు. పగలంతా గెంతుతూనే వుంటాడు. తెల్లవారుజామున మూడూ నాలుగు గంటలవేళకు మాత్రం లేచి కూర్చుని దగ్గుతాడు. గుండెల్లో పిల్లికూతలు. ఆ వేసవిలో మూడుసార్లు అర్ధరాత్రివేళ వాణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. ఊపిరికోసం ఏడేళ్ళ పిల్లవాడి పక్కటెముకలు ఎగిరిపడుతుంటే చూస్తూ ఆటోలో కూర్చోవడమంటే ఏమిటో, అనుభవించినవారికి నేను వివరించనక్కరలేదు.

డాక్టరుగారి ప్రశ్నకు మా ఆవిడ గర్వంగానే జవాబు చెప్పింది. "ఏసీ గదిలోనండీ! కిటికీలు బిగించి, సందుల్లో పట్టీలు అంటించాం. రోడ్డుమీది దుమ్ము రవ్వంత లోపలికి రాదు. దీపాలవేళ తలుపులు మూసి దోమలచుట్ట వెలిగిస్తాం. ఒక్క దోమ వుండదు. తొమ్మిదింటికి ఏసీ వేసి అందరం అందులోనే పడుకుంటాం."

"అందరూ అంటే?"

"అయిదుగురమండీ."

డాక్టరుగారు నవ్వలేదు, కోప్పడనూలేదు. "గది బాగానే వుందమ్మా. మరి అందులోకి గాలి ఎక్కడినుంచి వస్తుంది?" అన్నారు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏసీలోంచి వస్తుంది, ఇంకెక్కడినుంచి వస్తుంది!

ఏసీ చేసే పని, చెయ్యని పని

చదువుకున్నవాణ్ణి, ముప్ఫై ఏళ్ళు కొలువు చేసి రిటైరయినవాణ్ణి. అయినా ఏసీ యంత్రం బయటి గాలిని లోపలికి లాగి, చల్లబరచి మనమీదికి వదులుతుందనే నేనూ అనుకునేవాణ్ణి. బయట గోడకు మరో పెట్టె వేలాడుతున్నది గదా, అది మరెందుకు? నావంటివారు చాలామంది వుంటారనే ధైర్యంతో యీ సంగతి ఒప్పుకుంటున్నాను.

అసలు సంగతి వేరు. లోపలి పెట్టెకూ బయటి పెట్టెకూ మధ్య నడిచేవి సన్నని రాగి గొట్టాలు రెండు. వాటిలో పారేది గాలి కాదు, వేడిని మోసుకుపోయే ఒక ద్రవం. అది గదిలోని వేడిని తీసుకుని ఆవిరై బయటికి పోతుంది, బయట వేడిని పారబోసి మళ్ళీ ద్రవమై తిరిగి వస్తుంది. బిందెతో నీళ్ళు తోడి పోసినట్టు, గదిలోని వేడిని తోడి వీధిలో పొయ్యడమే ఆ యంత్రం పని. గదిలో గాలి మాత్రం అదే. తిరిగి తిరిగి యంత్రంలోకి పోతుంది, తిరిగి తిరిగి మన ముక్కులోకి వస్తుంది.

ఆమాటకొస్తే యీ యంత్రం పుట్టింది మనుషులకోసం కాదు, కాగితాలకోసం. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసువారికి పెద్ద చిక్కొచ్చి పడింది. రంగుల బొమ్మ వేయాలంటే ఒకే కాగితాన్ని రంగుకొకసారి అచ్చుయంత్రంలోకి పంపాలి. గాలిలో తేమ పెరిగితే కాగితం సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. దాంతో ఒక రంగుమీద మరొక రంగు సరిగా కూర్చోదు. ఆ తేమను అదుపులో పెట్టడానికి విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు రచించిన ఏర్పాటే తరవాత మన పడకగదులదాకా వచ్చింది. కాగితం ఊపిరి పీల్చదు గనుక దానికి కొత్త గాలితో పనిలేదు. మనకు వుంది.

చిన్న పరికరం, పెద్ద సాక్ష్యం

మావాడు ఆ వారంలోనే గాలిని కొలిచే పరికరం ఒకటి తెచ్చాడు. టేబిలు గడియారమంత వుంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఎంతో, సూక్ష్మమైన ధూళి ఎంతో అంకెల్లో చూపిస్తుంది. ఆ రాత్రి దాన్ని అలమారమీద పెట్టి పడుకున్నాం. అంటే మిగతావారు పడుకున్నారు. నేను పరీక్షలప్పటి విద్యార్థిలా మేలుకుని అంకెలు రాసుకున్నాను.

రాత్రి పదిగంటలకు బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్ళలో 700. పన్నెండింటికి 1,900. తెల్లవారుజామున అయిదింటికి 2,600. ఆరుబయటి గాలిలో యిది 420కి కాస్త పైన వుంటుంది.

ఆ అంకెలకు అర్థమేమిటంటారా? 1858లోనే జర్మనీలో మ్యూనిక్ నగరపు పండితుడు మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ దీనికొక గీత గీశాడు. గదిలో యీ వాయువు పది లక్షల్లో వెయ్యి పాళ్ళు దాటిందంటే ఆ గాలి మనుషుల శ్వాసతో చెడినట్టే లెక్క అన్నాడు. ఆ వాయువు అంతమాత్రానికే మనిషిని చంపే విషం కాదు. అది సాక్షి మాత్రమే. గదిలోని గాలి ఎంతమంది ఊపిరితిత్తుల్లోనుంచి వచ్చిందో చెప్పే సాక్షి. మనం వదిలే ఊపిరిలో అది నూటికి నాలుగుపాళ్ళ దాకా వుంటుంది. ఆ లెక్కన 2,600 అంటే, మా మనవడు పీల్చే ప్రతి పదిహేడు పద్దెనిమిది శ్వాసల్లో ఒకటి అంతకుముందే మరొకరు వాడి వదిలిపెట్టినదన్నమాట. ఎంగిలి మంచినీళ్ళు పిల్లవాడికి తాగించని కొంపలో యిది జరుగుతున్నది! పొద్దున్నే ఇంటిల్లిపాదికీ తలనొప్పి ఎందుకు వుండేదో కూడా అప్పుడే అనుమానం తగిలింది. ఇన్నాళ్ళూ కాఫీపొడిని తిట్టుకున్నాం.

మర్నాడు సాయంత్రం మరొక పరీక్ష. దీపాలవేళ యథాప్రకారం తలుపులు మూసి దోమలచుట్ట వెలిగించాం. ఈసారి చూసింది సూక్ష్మధూళి అంకె. మనిషి వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతుకన్న సన్నని ధూళి అది. ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు, సరాసరి ఊపిరితిత్తుల అడుక్కు పోయి కూర్చుంటుంది. ఇరవైనాలుగు గంటల సగటున అది ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణం 2009 నుంచీ చెబుతున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో యింకా కఠినంగా 15 అన్నది. మా గదిలో అరగంట తిరిగేసరికి నాలుగువందలు దాటింది. పరికరం ఎర్రదీపం వెలిగించి బిక్కుబిక్కుమంటూ చూసింది.

తరవాత వెతికితే తెలిసింది. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో, ఒక దోమలచుట్ట మొదలంటా కాలితే పుట్టే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానితో సమానమని తేల్చారు. నేను సిగరెట్టు మానేసి యిరవై ఏళ్ళయింది. మనవడు పుట్టాక దాని వాసన తగిలినవారిని గుమ్మంలోకి రానివ్వలేదు. కాని సాయంత్రం పూట పెట్టెలకు పెట్టెలు నేనే, నా చేత్తోనే, వాడి పడకగదిలో కాలుస్తూ వచ్చాను. ఆపైన కిటికీలు బిగించి, ఆ పొగను రాత్రంతా భద్రంగా దాచిపెట్టాను.

మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "దుమ్ము రాకూడదనే గదండీ మూశాం, దోమ కుట్టకూడదనే గదండీ పెట్టాం" అన్నది. అవును. తలుపులు మూసింది ప్రేమే.

మా మామ్మ వంటిల్లు

ఇలాంటి సమయంలో పాత యిళ్ళను తలుచుకుని నిట్టూర్చడం మావయస్సువారికి పరిపాటి. నేనూ నిట్టూర్చాను. కృష్ణాజిల్లాలో మా తాతగారిది మండువాలోగిలి. నట్టింట ఆకాశం కనిపించేది. వేడెక్కిన గాలి తేలికై మండువాలోంచి పైకి పోయేది, దాని చోటు నింపడానికి వసారాల నీడలోనుంచి చల్లగాలి లోపలికి వచ్చేది. ఎవరూ మీట నొక్కేపని లేదు. కిటికీకి ఎదురుగా కిటికీ, గోడ పైన వెంటిలేటరు, వేసవి వస్తే వీధివైపు వట్టివేళ్ళ తడికలు. వాటిమీద చెంబుతో నీళ్ళు చల్లడం పిల్లల ఉద్యోగం.

కాని నిట్టూర్పుతోపాటు నిజమూ చెప్పాలి. అదే యింట్లో మా మామ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే వుండేవి. పెరటివైపు వంటింట్లో పిడకలపొయ్యి, మూల దాలి, చేతిలో ఊదుగొట్టం. దూలాలకు అంగుళం మందాన పొగచూరు. ఆ మనిషి జన్మలో చుట్టముట్టి ఎరగదు. అయినా అరవై నిండకుండానే ఆయాసంతో మంచం పట్టింది. "దాని తత్త్వం అంత" అన్నారు మా పెద్దలు. తత్త్వం కాదు, పొయ్యి. ఇళ్ళల్లో కట్టెలు, పిడకలు, కిరసనాయిలు మొదలైన వంటపొగవల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది, 2016లో దేశమంతటా ఉజ్జ్వల వచ్చింది. అవి మా మామ్మ కాలానికి వచ్చి వుంటే ఎంత బాగుండేదో!

అంచేత పాతదంతా మంచిదని గాని, కొత్తదంతా చెడ్డదని గాని నేను అనబోవడంలేదు. పాత యింటికి ఊపిరి వుంది, పొగా వుంది. మా కొత్త యింటికి పొగ తగ్గింది, ఊపిరీ ఆగింది.

అమెరికా నేలమాళిగలో నేర్చుకున్న పాఠం

దీనికి విరుగుడు నాకు ముందే ఒకచోట కనిపించింది గాని, అప్పుడు బుర్రకెక్కలేదు. 2019 డిసెంబరులో మేము షికాగోలో మా అమ్మాయిగారింట్లో వున్నాం. బయట మంచు. నెలల తరబడి అక్కడ ఎవరూ కిటికీ తెరవరు. ఒకరోజు అల్లుడు నన్ను నేలమాళిగలోకి తీసుకుపోయి వాళ్ళ కొలిమి చూపించాడు. గ్యాసుతో గాలిని వేడిచేసి, రేకు గొట్టాలగుండా ప్రతి గదికీ పంపి, తిరిగి మరొక గొట్టంగుండా వెనక్కి లాక్కుంటుంది. వెనక్కి వచ్చే దారిలో ఒక వడపోత పలక. అతడు దాన్ని బయటికి లాగితే పాత బొంతలాగా బూడిదరంగు తిరిగి వుంది. మూడు నెలలకోసారి మారుస్తారట. వాటికి రకాలున్నాయి. మెర్వ్ అని ఒకటి మొదలు పదహారు దాకా లెక్క. పదమూడో రకం మిక్కిలి సన్నని ధూళిలో సగానికి తక్కువ కాకుండా పట్టుకుంటుంది. అలాగని ఎంత సన్నని జల్లెడ దొరికితే అంత సన్నది పెట్టకూడదు, ఫ్యానుకు లాగే శక్తి చాలదు.

దాని పక్కనే గోడకు మరొక పెట్టె. "ఇదేమిటి నాయనా?" అన్నాను. "ఇది కొత్త గాలికండీ మావయ్యగారూ. లోపలి పాత గాలిని బయటికి పంపుతుంది, బయటి కొత్త గాలిని లోపలికి తెస్తుంది. రెండూ కలవవు గాని పక్కపక్కనే పలచని గోడల మధ్యనుంచి పోతాయి. వెళ్ళే గాలి తన వేడిని వచ్చే గాలికి అప్పగించి పోతుంది" అన్నాడు. పదవిలోంచి దిగిపోయే ఉద్యోగి, వచ్చినవాడికి తాళంచేతులు అప్పగించినట్టన్నమాట.

అక్కడ మూడు పనులకు మూడు ఏర్పాట్లున్నాయి. గాలిని వేడిగానో చల్లగానో చెయ్యడం ఒక పని. దాన్ని వడకట్టి శుభ్రం చెయ్యడం రెండో పని. పాతది పంపి కొత్తది తేవడం మూడో పని. ఒకటి చేసే యంత్రం రెండోది చెయ్యదు. మన ఏసీ మొదటిది చేస్తుంది. దానిలోని జాలీ నూగునూ, పెద్ద దుమ్మునూ ఆపుతుందే తప్ప సూక్ష్మధూళిని ఆపలేదు. గాలిని శుద్ధిచేసే యంత్రమని బజారులో అమ్మేది రెండో పని చేస్తుంది. అందులో హెపా అనే వడపోత, మిక్కిలి జారిపోయే పరిమాణపు కణాలను కూడా నూటికి 99.97 పాళ్ళు పట్టుకుంటుంది. కాని వాడిన ఊపిరిని కొత్త ఊపిరిగా మార్చలేదు. ఆ మూడో పని చేసేది కిటికీ. దానికి కరెంటు ఖర్చు కూడా లేదు. దాన్నే మేము పట్టీలు అంటించి మూసేశాం.

మేము చేసిన మార్పులు

షికాగోవారి ఏర్పాటు మా అపార్టుమెంటులో కుదిరేది కాదు. కుదిరినవి చేసుకున్నాం.

మొదట దోమలచుట్టకు సెలవిచ్చాం. కిటికీలన్నిటికీ దోమల జాలీ, మంచానికి దోమతెర. తెర లోపల పడుకోవడం మనవడికి గుడారంలో వున్నంత సరదా.

రెండోది, ఏసీ వేసేముందు అరగంట ఎదురెదురు కిటికీలు తెరిచి గదిని గాలికి కడుగుతాం. రాత్రి రోడ్డువైపుది కాక పెరటివైపు కిటికీ నాలుగువేళ్ళ వెడల్పున తెరిచే వుంచుతాం. గదిని ఆనుకున్న స్నానాలగదిలో గాలి బయటికి లాగే ఫ్యాను సన్నగా తిరుగుతూ వుంటుంది. అది లాగినకొద్దీ కిటికీ సందులోంచి కొత్త గాలి వస్తుంది. చల్లదనం కొంత పోతుంది, నిజమే. అందుకని ఏసీ 26 డిగ్రీల దగ్గర పెట్టి పైఫ్యాను వేసుకుంటాం. 2020 జనవరి నుంచి మన దేశంలో ఏసీలను 24 దగ్గర మొదలయ్యేట్టు అమర్చి అమ్మాలన్నారు గాని, మావాడు వచ్చీరాగానే 18కి దించేవాడు. దించితే తొందరగా చల్లబడుతుందని వాడి నమ్మకం. అలా ఏమీ జరగదు, ఎక్కువసేపు తిరుగుతుంది, అంతే.

మూడోది, పదిహేను రోజులకొకసారి ఏసీ జాలీ తీసి కుళాయికింద కడిగి నీడన ఆరబెడతాం. మొదటిసారి కడిగినప్పుడు వచ్చిన నీటి రంగు యిక్కడ వర్ణించను. మీరు భోజనం చేస్తూ చదువుతూ వుండవచ్చు.

నాలుగోది వంటిల్లు. మా పొయ్యిమీది చిమ్నీకి బయటికిపోయే గొట్టమే లేదని అప్పుడు కనిపెట్టాం. జిడ్డుపట్టి, ఆ పొగనే మళ్ళీ వంటింట్లోకి వదులుతున్నది. గోడకు కంతపెట్టించి గొట్టం వేయించాం. ఎండుమిరపకాయల పోపు వేస్తే హాల్లో కూర్చున్న నాకు తుమ్ములు రావడం మానేశాయి.

అయిదోది అన్నిటికన్న ముఖ్యం. నీళ్ళు కాచే గ్యాసు గీజరు స్నానాలగదిలో వుండేది. చలికాలంలో వెంటిలేటరుకు అట్టముక్క అడ్డంపెట్టి స్నానాలు చేసేవాళ్ళం. గ్యాసు మండడానికి గాలి చాలకపోతే పుట్టేది కార్బన్ మోనాక్సైడు. రంగులేదు, వాసనలేదు, దగ్గు రాదు. రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమించి మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. చలికి తలుపులు మూసి కుంపటి పెట్టుకు పడుకున్నవారు తెల్లారి లేవలేదని ఉత్తరాదినుంచి ప్రతి శీతాకాలమూ వచ్చే వార్తలకు కారణం యిదే. గీజరును బాల్కనీలోకి మార్పించాం. షికాగోలో ప్రతి అంతస్తులోనూ గోడకు ఒక చిన్న గంట ఎందుకు బిగించారో అప్పుడు తెలిసివచ్చింది.

ఏసీకి బదులు కూలరున్నవారికి ఒక మాట. దాని ధర్మం ఏసీకి సరిగ్గా తలకిందులు. అది బయటి గాలినే తడిపి లోపలికి తోస్తుంది గనుక కిటికీ తెరిచి వుంచాలి. మూస్తే గది ఆవిరిపట్టిన ఇడ్లీపాత్ర అవుతుంది. తొట్టె వారానికొకసారి వంచి తోమకపోతే దోమలకు పుట్టిల్లూ అవుతుంది.

కిటికీ ఎల్లవేళలా మంచిదేనా అంటే కాదు. దీపావళి రాత్రి, భోగిమంటల తెల్లవారుజామున, పక్కవీధిలో చెత్త తగలబెట్టినప్పుడు, బయటి అంకె లోపలి అంకెను మించిపోతుంది. ఆ కాసేపు తలుపులు మూసి శుద్ధియంత్రం వేసుకుంటాం. పొగ తగ్గగానే మళ్ళీ తెరుస్తాం.

ఇంతా చేసి పేచీ వచ్చింది సాంబ్రాణి దగ్గర. మా ఆవిడ శుక్రవారం ధూపం వెయ్యకుండా వుండలేదు. అంకె చూపించబోతే, "దేవుడిదగ్గర కూడా కొలతలేనా?" అన్నది. నేను నోరుమూసుకున్నాను. రెండు వారాలు గడిచాక చూద్దును గదా, ధూపం వేసేముందు తనే పూజగది కిటికీ తలుపు బార్లా తీస్తున్నది. నేనేమీ అడగలేదు. "ఆయనకూ గాలాడాలి గదండీ" అన్నది తనే.

ఇప్పుడు తెల్లవారుజామున అంకె వెయ్యికి అటూ యిటూగా వుంటుంది. మనవడు నిద్రలేస్తూనే క్రికెట్టు స్కోరు చెప్పినట్టు, "నాయనమ్మా, తొమ్మిదివందల ఎనభై!" అని కేకపెడతాడు. డాక్టరుగారు యిచ్చిన పీల్చేమందు మానలేదు, మానకూడదు కూడా. ఉబ్బసం కిటికీ తెరవగానే ఎగిరిపోయే పిట్ట కాదు. కాని 2025 వేసవి అంతా కలిపి అర్ధరాత్రి ఆటో ఎక్కింది ఒక్కసారే.

మొన్న ఏసీ సర్వీసు చేయడానికి ఒక కుర్రవాడు వచ్చాడు. పని పూర్తిచేసి గదంతా కలయజూసి, "కిటికీ సందులోంచి చల్లగాలంతా పోతోందండీ. పట్టీ వేసి మూసెయ్యమంటారా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ వంటింట్లోంచి కేకవేసింది: "వద్దు నాయనా! అది మావాడి గాలి వచ్చే దారి."